కంపైలర్ మారితే కాన్‌స్టెంట్-టైమ్ ఫంక్షన్లు నిలబడతాయా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. గచ్చిబౌలిలోని మీ బృందం చెల్లింపు పరికరాల కోసం సీ భాషలో ఒక చిన్న క్రిప్టోగ్రఫీ లైబ్రరీని సొంతంగా నిర్వహిస్తోంది. ఇన్నాళ్లూ దాన్ని లైనక్స్ మీద జీసీసీ కంపైలర్‌తోనే బిల్డ్ చేశారు. ఇప్పుడు అదే కోడును ఒక బ్యాంకు కోసం విండోస్‌లో మైక్రోసాఫ్ట్ కంపైలర్ ఎంఎస్‌వీసీతోనూ, కొత్త ఆర్మ్ ప్రాసెసర్ పరికరం కోసం క్లాంగ్ కంపైలర్‌తోనూ బిల్డ్ చేయాల్సి వచ్చింది. రహస్య విలువలను పోల్చే, ఎంచుకునే సహాయక ఫంక్షన్లు కాన్‌స్టెంట్-టైమ్‌వి, అంటే రహస్యం ఏదైనా వాటికి పట్టే సమయం మారకూడదు; వాటిలో మీరు ఖాళీ ఇన్‌లైన్ అసెంబ్లీతో ఒక బ్యారియర్ (కంపైలర్ ఆ కోడును మార్చకుండా ఆపే అడ్డు) పెట్టుకున్నారు. అది ఎంఎస్‌వీసీలో కంపైల్ కాకపోవడంతో మీ సహోద్యోగి ప్రీప్రాసెసర్‌లో ఒక ఎల్స్ భాగం చేర్చి, వచ్చిన విలువను వచ్చినట్టే తిరిగి ఇచ్చేలా రాశారు. టెస్టులన్నీ పాసయ్యాయి. ఇది చాలునా, చాలకపోతే ఏ కంపైలర్‌కు ఏం చేయాలి, దానివల్ల వేగం ఎంత తగ్గుతుంది అన్నవి మీ సందేహాలు.

చాలదు. టెస్టులు పాసవడం ఈ విషయంలో ఏమీ చెప్పదు, ఎందుకంటే అవి ఫంక్షన్ ఇచ్చిన విలువ సరైనదా కాదా అన్నదే చూస్తాయి. ఆ విలువ రావడానికి పట్టిన సమయం రహస్యాన్ని బట్టి మారుతోందా అన్నది వాటికి కనబడదు. మీ ఎల్స్ భాగం తప్పు విలువ ఇవ్వదు, హెచ్చరించదు, బిల్డ్‌ను ఆపదు. విండోస్ బైనరీలో ఆ రక్షణ లేదన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియకుండా ఉండిపోతుంది. కాన్‌స్టెంట్-టైమ్ లక్షణం ఉండేది బైనరీలో. సోర్సులో ఉన్నది మన కోరిక మాత్రమే. అందువల్ల ఇలాంటి ఫంక్షన్లు పోర్టబుల్ అనాలంటే, పరీక్షించి చూసిన కంపైలర్లలో అవి రక్షణతో కంపైల్ కావాలి, మిగిలిన కంపైలర్లలో అసలు కంపైల్ కాకూడదు. ఈ రెండో సగాన్నే చాలామంది మరచిపోతారు.

సమయం ద్వారా రహస్యం బయటపడటం కొత్త సంగతి కాదు. 1996లోనే క్రిప్టోగ్రఫీ నిపుణుడు పాల్ కోచర్ తన టైమింగ్ దాడి పత్రాన్ని ప్రచురించారు. 2003లో పరిశోధకులు డేవిడ్ బ్రమ్లీ, డాన్ బోనే స్థానిక నెట్‌వర్క్ మీదుగా ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సర్వర్ నుంచి ఆర్‌ఎస్‌ఏ ప్రైవేట్ కీని రాబట్టి చూపించారు. 2013 నాటి లక్కీ థర్టీన్ దాడి వెబ్ రాకపోకలను కాపాడే టీఎల్‌ఎస్‌లో ప్యాడింగ్ (సందేశం చివర నింపే అదనపు బైట్లు), మ్యాక్ (సందేశం మారలేదని చూపే ముద్ర) తనిఖీలలోని అతి చిన్న సమయ భేదం మీద నడిచింది. మీ లైబ్రరీలోని ప్యాడింగ్ తనిఖీ కూడా సరిగ్గా ఆ కోవలోదే కాబట్టి ప్రమాదం ఊహాత్మకమని అనుకోకండి.

ఇక అసలు విషయానికి వద్దాం. సీ ప్రమాణం ఒక ఊహా యంత్రాన్ని వర్ణించి, దాని బయటికి కనిపించే ప్రవర్తనను మాత్రమే కంపైలర్ కాపాడాలని చెబుతుంది. వొలటైల్ అని ప్రకటించిన (ఎప్పుడైనా బయటినుంచి మారవచ్చని కంపైలర్‌కు చెప్పిన) విలువల చదువు-రాతలు, ఫైళ్లలోకి వెళ్లే అక్షరాలు ఆ ప్రవర్తనలో భాగం. పట్టిన సమయం కాదు. మీరు బ్రాంచ్ (షరతును బట్టి దారి మారడం) లేకుండా రాసిన లెక్కను కంపైలర్ బ్రాంచ్‌గా మార్చినా అది ప్రమాణాన్ని ఉల్లంఘించినట్టు కాదు, దాని మీద బగ్ పెట్టినా ఎక్కువసార్లు మీకు వచ్చే జవాబు అదే. కంపైలర్‌కు మన మీద కక్షేమీ లేదు; అది యజమాని మనసు తెలియని అతితెలివి గుమాస్తా.

మీ ఎంపిక ఫంక్షన్‌నే తీసుకోండి. మాస్క్ అన్ని బిట్లూ ఒకట్లయితే క, అన్నీ సున్నాలైతే ఖ రావాలని అందరూ రాసినట్టే మీరూ (మాస్క్ & క) | (~మాస్క్ & ఖ) అని రాశారు. ఆ మాస్క్‌ను సున్నా తనిఖీ నుంచి తెచ్చారు (ఇక్కడ క అంటే తనిఖీ చేసే విలువ): ~క & (క - 1) అనే విలువలో అన్నిటికన్నా పై బిట్ క సున్నా అయినప్పుడే ఒకటి అవుతుంది, దాన్ని కిందికి షిఫ్ట్ చేసి సున్నాలోంచి తీసివేస్తే మాస్క్ వస్తుంది. లెక్క నిర్దోషంగా ఉంది. చిక్కు ఎక్కడంటే, ఇవన్నీ ఇన్‌లైన్ అయ్యాక, అంటే పిలిచిన చోటే కలిసిపోయాక, ఆప్టిమైజర్ ముందు ఒకే పొడవైన లెక్కగా నిలుస్తాయి. పై బిట్ నుంచి వచ్చిన మాస్క్‌కు రెండే విలువలు సాధ్యమని అది కనిపెడుతుంది. రెండే విలువలున్నప్పుడు ఈ అండ్-ఆర్ అంతా ఒక ఎంపిక అని గుర్తిస్తుంది. ఎక్స్86 మీద ఆ ఎంపిక సాధారణంగా షరతుతో కూడిన మూవ్ ఇన్‌స్ట్రక్షన్‌గా మారుతుంది, అంతవరకూ ఫరవాలేదు. అయితే లూపుల్లో లాభమనిపిస్తే ఆ మూవ్‌ను తిరిగి బ్రాంచ్‌గా మార్చే ప్రత్యేక దశ క్లాంగ్ వెనకున్న ఎల్‌ఎల్‌వీఎంలో ఉంది. అంటే జీసీసీలో ఏళ్ల తరబడి బాగున్న కోడు క్లాంగ్‌లోకి వెళ్లిన రోజున ఒక్క అక్షరం మారకుండానే రహస్యాన్ని లీక్ చేయవచ్చు.

ఇది నిజంగానే జరిగింది. పోస్ట్-క్వాంటమ్ (క్వాంటమ్ కంప్యూటర్లకూ లొంగని) పద్ధతి కైబర్ రిఫరెన్స్ కోడులో, సందేశంలోని 256 బిట్లలో ప్రతి బిట్‌నూ ఒక మాస్క్‌గా మార్చి, దాన్ని 1665తో అండ్ చేసి, ఆ బిట్ సున్నా అయితే 0, ఒకటి అయితే 1665 వచ్చేలా రాశారు. సోర్సులో ఎక్కడా ఇఫ్ లేదు. 2024లో క్రిప్టోగ్రఫీ సంస్థ పీక్యూషీల్డ్ పరిశోధకుడు ఆంటూన్ పర్నాల్ చూపించినదేమిటంటే, క్లాంగ్ 15 నుంచి 18 వరకూ ఉన్న వెర్షన్లు కొన్ని ఆప్టిమైజేషన్ ఆప్షన్లతో ఆ బిట్ మీదే నేరుగా బ్రాంచ్ పెడుతున్నాయి, ఆ తేడాను కొలిచి ఎంఎల్-కెమ్ 512 (కైబర్ ప్రామాణిక రూపం) రహస్య కీని నిమిషాల్లో రాబట్టవచ్చు. దీనికి క్లాంగోవర్ అని పేరు పెట్టారు. రిఫరెన్స్ కోడులో ఆ ఎంపికను వేరే ఫైలులోని ఫంక్షన్‌లోకి తరలించి సరిదిద్దారు. ఆ ఉపాయం పని చేస్తుంది, కాకపోతే ఎవరైనా రేపు లింక్ సమయపు ఆప్టిమైజేషన్ ఆన్ చేస్తే ఫైళ్ల మధ్య ఉన్న ఆ గోడ కూలిపోతుంది. మీ విడుదల బిల్డులో అది ఆన్‌లో ఉందో లేదో ముందుగా చూసుకోండి.

మీ బ్యారియర్ సంగతి. జీసీసీ, క్లాంగ్‌లలో ఖాళీ అసెంబ్లీ వాక్యానికి ఒక విలువను చదివి-రాసే ఆపరాండుగా ఇచ్చినప్పుడు, ఒక్క ఇన్‌స్ట్రక్షన్ కూడా పుట్టదు గానీ ఆ విలువ అక్కడ ఎలాగైనా మారి ఉండవచ్చని కంపైలర్ భావించాల్సి వస్తుంది. ఆ విలువ గురించి అంతవరకూ అది పోగుచేసుకున్న ఎరుక అంతా అక్కడితో పోతుంది. బోరింగ్‌ఎస్‌ఎస్‌ఎల్, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే క్రిప్టో లైబ్రరీలు రెండూ ఈ పద్ధతినే వాడుతున్నాయి. అసలు మెలకువంతా దాన్ని ఎక్కడ పెడతామన్నదే. మీరు పంపిన కోడులో బ్యారియర్ సున్నా తనిఖీకి వెళ్లే క మీద ఉంది. అది దాదాపు నిరుపయోగం. క గురించి కంపైలర్‌కు ముందూ ఏమీ తెలియదు. బ్యారియర్ దాటాక మీరు మాస్క్‌ను లెక్కించినప్పుడు, దానికి రెండే విలువలున్నాయని అది మళ్లీ కనిపెట్టేస్తుంది. మరపించాల్సింది మాస్క్‌ను. అందువల్ల ఎంపిక ఫంక్షన్ లోపల, మాస్క్ చేతికొచ్చాక, అండ్ చేయడానికి ముందు బ్యారియర్ పెట్టండి. క, ఖ ల మీద పెట్టినా ప్రయోజనం లేదు. అసెంబ్లీ వాక్యానికి వొలటైల్ తగిలించడం కూడా మానకండి. అది లేకపోతే ఒకే రకమైన రెండు బ్యారియర్లను కంపైలర్ ఒకటిగా కలిపేయవచ్చు.

కంపైలర్‌ను గుర్తుపట్టే మాక్రోల దగ్గర కూడా మీ హెడర్ ఫైలులో ఒక పొరపాటు ఉంది. క్లాంగ్ తనను తాను జీసీసీ 4.2.1గా చెప్పుకుంటుంది కాబట్టి, జీసీసీ వెర్షన్ 5 దాటితేనే బ్యారియర్ వాడమని మీరు పెట్టిన షరతులో క్లాంగ్ చడీచప్పుడు లేకుండా ఎల్స్‌లోకి జారిపోతుంది. అంటే విండోస్ ఒక్కటే కాదు, మీ కొత్త ఆర్మ్ బిల్డ్ కూడా ఇప్పుడు రక్షణ లేకుండానే ఉంది. ఇంకో వైపు, విండోస్‌లో నడిచే క్లాంగ్-సీఎల్ ఎంఎస్‌వీసీ మాక్రోను నిర్వచిస్తుంది, జీసీసీ మాక్రోను మామూలుగా నిర్వచించదు, అయినా జీసీసీ తరహా అసెంబ్లీని అంగీకరిస్తుంది. అందుకే ముందు క్లాంగ్ మాక్రో, తర్వాత జీసీసీ మాక్రో, ఆ తర్వాతే ఎంఎస్‌వీసీ మాక్రో చూడండి. వీటిలో ఏదీ కాని చోట ఎర్రర్ ఆదేశం పెట్టి బిల్డ్‌ను ఆపేయండి. ఈ ఒక్క మార్పును మిగతావాటి కోసం ఆగకుండా ఈ రోజే మెర్జ్ చేయడం మంచిది. విడుదల ఆలస్యమవుతోందని పైవారు అడుగుతారు, నిజమే. ఆ సంభాషణ ఇప్పుడు జరగడం, బ్యాంకు ఆడిటర్ అడిగాక జరగడం కన్నా నయం.

ఎంఎస్‌వీసీలో 64-బిట్ ఎక్స్86కూ ఆర్మ్‌కూ ఇన్‌లైన్ అసెంబ్లీయే లేదు. ఉన్న దారుల్లో నాకు నచ్చినది, క్రిప్టో లైబ్రరీ ఒక్కదాన్ని క్లాంగ్-సీఎల్‌తో స్టాటిక్ లైబ్రరీగా బిల్డ్ చేసి, మిగతా అప్లికేషన్‌ను ఎంఎస్‌వీసీతోనే ఉంచడం. రెండింటి ఏబీఐ (బైనరీలు ఒకదాన్నొకటి పిలుచుకునే తీరు) కలుస్తుంది కనుక లింక్ చేయడంలో ఇబ్బంది ఉండదు, మీరు పరీక్షించాల్సిన ఆప్టిమైజర్ల సంఖ్య కూడా తగ్గుతుంది. బ్యాంకువారి నిబంధనల వల్ల ఎంఎస్‌వీసీయే తప్పనిసరి అయితే, వొలటైల్ లోకల్ వేరియబుల్ ఒకటి పెట్టి మాస్క్‌ను అందులో రాసి తిరిగి చదవండి. వొలటైల్ చదువు-రాతలు బయటికి కనిపించే ప్రవర్తనలో భాగం కనుక కంపైలర్ వాటిని తీసేయలేదు, చదివిన విలువ ఏమిటో ఊహించనూలేదు. మామూలు వేరియబుల్‌ను వొలటైల్ పాయింటర్ ద్వారా చదవడం కంటే వేరియబుల్‌నే వొలటైల్‌గా ప్రకటించడం మేలు, ఎందుకంటే ప్రమాణం ఇచ్చే హామీ ఆ రకంగా ప్రకటించిన వాటికే నికరంగా ఉంది. మూడో దారి, ఎంపిక ఫంక్షన్‌ను విడి అసెంబ్లీ ఫైలులో రాసుకోవడం. అది అన్నిటికన్నా గట్టిది, నిర్వహించడానికి అన్నిటికన్నా విసుగు పుట్టించేదీ అదే. ఎంఎస్‌వీసీలోని రీడ్-రైట్ బ్యారియర్ అనే ఇంట్రిన్సిక్‌ను (కంపైలరే అందించే ఫంక్షన్‌ను) చూసి సమస్య తీరిందనుకునేవారు ఉన్నారు. అది మెమరీ చదువు-రాతల వరుసను మాత్రమే ఆపుతుంది, రిజిస్టర్‌లో ఉన్న మాస్క్ గురించి కంపైలర్‌కు తెలిసిన దాన్ని మరపించదు. పైగా మైక్రోసాఫ్టే దాన్ని వాడవద్దంటోంది.

అంకగణితంలో రెండు జాగ్రత్తలు చాలు. అన్నీ అన్‌సైన్డ్‌లోనే, వీలైతే సైజ్-టీ వంటి ఒకే వెడల్పులో చేయండి. సైన్డ్ రుణ సంఖ్యను కుడికి షిఫ్ట్ చేస్తే ఏమవుతుందన్నది కంపైలర్ ఇష్టం, పైగా 8-బిట్ విలువలు లెక్కలో తమంతట తామే ఇంట్‌గా మారి, విలోమం చేసినప్పుడు మీరు ఊహించని పై బిట్లను తెస్తాయి. అన్‌సైన్డ్ విలువ ముందు ఒంటరి మైనస్ పెడితే ఎంఎస్‌వీసీ సీ4146 హెచ్చరిక ఇస్తుంది, భద్రతా తనిఖీల ఆప్షన్ ఆన్‌లో ఉంటే అదే ఎర్రర్ అవుతుంది. 0 - క అని రాస్తే సరిపోతుంది.

బ్యారియర్ ఎంత పకడ్బందీగా పెట్టినా ఆపలేని చోట్లు ఉన్నాయని కూడా చెప్పాలి, ఎందుకంటే మీ కోడులో 32-బిట్ విండోస్ లక్ష్యం ఒకటి కనిపించింది. కర్వ్25519 అనే కీ మార్పిడి పద్ధతికి రాసిన కర్వ్25519-డోనా అనే అమలును కొందరు పరిశోధకులు ఎంఎస్‌వీసీ 2015తో 32-బిట్‌కు బిల్డ్ చేసి 2016లో పరిశీలించారు. సోర్సు కాన్‌స్టెంట్-టైమ్‌గానే ఉంది, కంపైలర్ కూడా దాన్ని చెడగొట్టలేదు. కానీ 32-బిట్ ప్రాసెసర్‌కు 64-బిట్ గుణకారం నేరుగా ఉండదు కనుక కంపైలర్ ఒక రన్‌టైమ్ ఫంక్షన్‌ను పిలిచింది, రెండు సంఖ్యల పై సగాలూ సున్నా అయితే ఆ ఫంక్షన్ దగ్గరిదారి పట్టింది. ఆ ఒక్క బ్రాంచ్ ఆసరాగా మొత్తం ప్రైవేట్ కీని రాబట్టారు. మీ బిగ్‌నమ్ (చాలా పెద్ద సంఖ్యల) గుణకారం ఇదే పని చేస్తోంది. ఎంపిక ఫంక్షన్‌లో ఎన్ని బ్యారియర్లు పెట్టినా దీన్ని తాకవు. 32-బిట్ సంఖ్యల నుంచి 64-బిట్ ఫలితం ఇచ్చే ఇంట్రిన్సిక్‌ను నేరుగా వాడాలి, లేదా ఆ లక్ష్యాన్నే వదులుకోవాలి. 2026లో కొత్తగా 32-బిట్ విండోస్ బిల్డ్ ఎందుకని బ్యాంకువారిని ఒకసారి అడిగి చూడండి, చాలాసార్లు అది పాత టెండరు పత్రంలోంచి అలా వచ్చేసిన వాక్యమే అయి ఉంటుంది.

భాగహారానిదీ ఇదే కథ. స్థిరాంకంతో భాగిస్తే కంపైలర్ దాన్ని గుణకారం, షిఫ్టులుగా మారుస్తుందని మనం నమ్ముకుంటాం. సైజు తగ్గించే ఆప్షన్‌తో బిల్డ్ చేస్తే అది నిజమైన భాగహార ఇన్‌స్ట్రక్షన్‌ను ఉంచేయవచ్చు, దాని సమయం సంఖ్యలను బట్టి మారుతుంది. 2023లో బయటపడిన కైబర్‌స్లాష్ లోపాలు 3329తో చేసిన ఇలాంటి భాగహారం మీదివే. ఫ్లాష్ మెమరీ తక్కువగా ఉన్న పరికరాల్లో అందరూ సైజు ఆప్షన్‌నే వాడతారు కనుక మీకు ఇది దూరపు విషయం కాదు. మీ కొత్త బోర్డు కార్టెక్స్-ఎం3 అయితే ఇంకో సంగతి చూడండి: దాని పొడవైన గుణకార ఇన్‌స్ట్రక్షన్ ఆపరాండులను బట్టి 3 నుంచి 5 సైకిళ్లు తీసుకుంటుంది. కార్టెక్స్-ఎం4లో అది ఒకే సైకిల్. ఈ తేడాను సోర్సులో ఏ మాక్రోతోనూ దాచలేం, బోర్డు ఎంపిక సమయంలోనే చూసుకోవాలి.

ఆప్టిమైజేషన్ పూర్తిగా ఆపేస్తే పోతుంది కదా అని ఐఐఐటీ విద్యార్థులు తరచుగా అడుగుతుంటారు, మీ బృందంలోనూ ఎవరో అన్నారని రాశారు. ఆ స్థితిలో బ్రాంచ్‌లు రావన్న హామీ ఎవరూ ఇవ్వలేదు, రహస్య విలువలు స్టాక్ మీద విచ్చలవిడిగా పరుచుకుంటాయి, వేగం మాత్రం కచ్చితంగా పడిపోతుంది. రస్ట్‌కు మారడమూ దానంతట అది పరిష్కారం కాదు. కింద ఉన్నది అదే ఎల్‌ఎల్‌వీఎం, రస్ట్ ప్రామాణిక లైబ్రరీలోని బ్లాక్-బాక్స్‌ను భద్రత కోసం నమ్ముకోవద్దని దాని డాక్యుమెంటేషనే చెబుతోంది.

పరీక్ష విషయంలో, లైనక్స్ బిల్డులకు మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ పరికరంతో చేసే పద్ధతి మొదట పెట్టుకోండి. క్రిప్టోగ్రఫీ ఇంజనీరు ఆడమ్ లాంగ్లీ 2010లో సీటీగ్రైండ్ పేరుతో చూపిన ఆలోచన ఇది: రహస్య బైట్లను ఇనిషియలైజ్ కాని మెమరీగా గుర్తు పెడితే, వాటిని బట్టి ఏ బ్రాంచ్ జరిగినా, ఏ మెమరీ చిరునామా మారినా వాల్‌గ్రైండే ఫిర్యాదు చేస్తుంది. ఫలితం బయటికి ఇచ్చే చోట గుర్తు తీసేయడం మరచిపోకండి, లేకపోతే అబద్ధపు ఫిర్యాదులతో విసిగి టెస్టునే ఆపేస్తారు. ఇది చూసేది నడిచిన దారిని మాత్రమే, ఆ ఒక్క బైనరీని మాత్రమే. భాగహారపు సమయ భేదం దీనికి కనబడదు. అందుకే విడుదల చేసే ప్రతి కంపైలర్ వెర్షన్‌కూ, సరిగ్గా విడుదల ఆప్షన్లతోనే, సీఐలో (ప్రతి మార్పుకూ దానంతట అదే బిల్డ్, టెస్ట్ చేసే వ్యవస్థలో) విడివిడిగా నడపాలి. క్లాంగోవర్ కొన్ని ఆప్షన్లలోనే కనిపించిందన్నది గుర్తుంచుకోండి. విండోస్‌లో వాల్‌గ్రైండ్ లేదు కాబట్టి డంప్‌బిన్ అనే పనిముట్టుతో బైనరీ నుంచి అసెంబ్లీ తీసి చదవడం తప్పదు. ఫంక్షన్‌ను విడిగా చదివితే చాలదు, అది ఇన్‌లైన్ అయిన చోట, అంటే ప్యాడింగ్ తనిఖీ, మ్యాక్ పోలిక లోపల చదవాలి. డూడెక్ట్ వంటి గణాంక పరీక్షను పరికరం మీద నడపడం మంచిదే. అది లీక్ ఉందని చెబితే నమ్మండి, లేదని చెబితే ఇంకా కనబడలేదని మాత్రమే అర్థం చేసుకోండి.

వేగం గురించి మీరు పెట్టుకున్న భయం అనవసరం. ఖాళీ అసెంబ్లీ బ్యారియర్‌కు సొంత ఖర్చు లేదు, కంపైలర్ లూపును వెక్టరైజ్ చేయకుండా మాత్రం అడ్డుపడవచ్చు. వొలటైల్ దారిలో ఒక స్టోరు, ఒక లోడు చేరి ప్రతిసారీ కొద్ది సైకిళ్లు పోతాయి. మ్యాక్ పోలికలో ఉండేది 16 లేదా 32 బైట్లు, కాబట్టి అక్కడ లూపులో ప్రతి బైటుకూ బ్యారియర్ పెట్టినా ఎవరికీ తెలియదు. పట్టించుకోవాల్సిన చోటు ఒక్కటే, ఆర్‌ఎస్‌ఏ ఘాతాంక పట్టికలోంచి విలువను ఎంచుకునే లూపు. అక్కడ మాస్క్‌ను పట్టికలో ఒక్కో అడ్డువరుసకు ఒకసారి మాత్రమే లెక్కించి, ఒక్కసారే బ్యారియర్ దాటించి, ఆ అడ్డువరుసలోని పదాలన్నిటికీ అదే మాస్క్‌ను వాడండి. పదానికొక బ్యారియర్ పెట్టిన మీ ఇప్పటి కోడు కంటే ఇది వేగంగానే నడుస్తుంది.